రెండో సెట్టు

మా బడిలో ఆయన్ని అందరూ నోట్లో నాలుక లేని మనిషి అనేవారు. నేనూ అన్నాను. సైన్సు ల్యాబులో ముప్పై ఒక్క ఏళ్లు అటెండరుగా పనిచేసి, ఒక్క పూట కూడా గొంతు పెంచకుండా రిటైరయ్యాడు. అందులో ఇరవై ఆరేళ్లు నా కిందే. నా కోపం సంగతి నాకు తెలుసు, దాచుకోవడం దేనికి. సుద్దముక్క విరిగినా ఎవరో ఒకరి మీద కేకలేసే టీచర్ని. అలాంటి నా దగ్గర అన్నేళ్లు నెగ్గుకొచ్చాడంటే ఆయన ఓర్పు ఏపాటిదో మీరే లెక్క వేసుకోండి.

మనిషి పొట్టి, చెవులు పెద్దవి. ల్యాబులో బల్లల మధ్య దారి ఇరుకు కాబట్టి ఓ పక్కకి ఒరిగి నడవడం అలవాటైపోయి, రోడ్డు మీద కూడా అలాగే నడుస్తాడు. చొక్కా జేబులో ఒక బిరడా, రెండు రబ్బరు బ్యాండ్లు, మడతపెట్టిన తుడుపుగుడ్డ ఎప్పుడూ ఉంటాయి. ఖాళీ సీసా కనబడితే వదలడు. జామ్ సీసా, టానిక్ సీసా, సిరాబుడ్డి, ఏదైనా సరే కడిగి, ఎండబెట్టి, మూతతో సహా దాస్తాడు. అందుకే పిల్లలు ఆయనకి సీసాల తాత అని పేరు పెట్టారు. ఆ పేరు ఆయనకి నచ్చింది కూడా.

రిటైరయ్యాక మూడు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. నాలుగో నెలలో ఇంట్లోవాళ్లు కూర్చోనివ్వలేదు. "వంటింట్లో డబ్బాలన్నిటికీ చీటీలు అంటించేశారు టీచరుగారూ. పంచదార డబ్బా మీద తేదీ కూడా వేశారు. ఈయన్ని ఎక్కడికైనా తీసుకుపోదురూ, మీకు పుణ్యముంటుంది" అని ఆయన భార్య నాతో మొరపెట్టుకుంది.

అప్పుడే వేసవి సెలవులు మొదలయ్యాయి. వీధుల్లో పిల్లలు ఏం చెయ్యాలో తోచక గేట్లు పట్టుకుని ఊగుతున్నారు. లైబ్రరీ వెనక గదిలో పాత పేపర్ల కట్టలు తప్ప ఏమీ లేవని నాకు తెలుసు. వెళ్లి లైబ్రేరియన్ని అడిగాను. మంట పెట్టకూడదు, పేపర్లు తడపకూడదు అని రెండు షరతులు పెట్టి తాళంచెవి ఇచ్చాడు. సీసాల తాత ఆ తాళంచెవిని రెండు చేతులతో అందుకున్నాడు.

"మీరు పాఠం చెప్పండి టీచరుగారూ, నేను సామాను సర్దుతాను" అన్నాడు.

"పాఠం లేదు, గీఠం లేదు. పిల్లలు చేతులతో చెయ్యాలి, నువ్వు చేయించాలి. నా మోకాళ్లు నిలబడనివ్వవు, నేను కుర్చీలో కూర్చుని చూస్తాను" అన్నాను.

మొదటిరోజు ఆరుగురు వచ్చారు. వారం తిరిగేసరికి పదమూడు మంది. నల్ల స్కెచ్ పెన్నుతో ఫిల్టరు కాగితం మీద చుక్క పెట్టి, కాగితం అంచు నీళ్లలో ముంచితే ఆ నలుపులోంచి నీలం, గులాబీ, పసుపు విడివిడిగా పైకి పాకాయి. వెనిగర్‌లో వేసిన కోడిగుడ్డు రెండు రోజుల్లో పెంకు పోగొట్టుకుని బంతిలా మెత్తబడింది. ఖాళీ సీసా మూతికి బెలూన్ తొడిగి వేడినీళ్లలో నిలబెడితే బెలూన్ లేచి కూర్చుంది. చెప్పుల పెట్టెకి గుండుసూదితో చిల్లి పెట్టి, వెనక పల్చటి కాగితం అంటించి చూస్తే లైబ్రరీ ముందు వీధంతా తలకిందులుగా నడిచింది. లైబ్రేరియన్ కూడా ఆ పెట్టె అడిగి తీసుకుని, అరగంట దాకా తిరిగి ఇవ్వలేదు.

పిల్లలు ఏం అడిగినా ఆయనది ఒకటే జవాబు: "ఏమో, చూద్దాం." ఒక్క ప్రయోగం తప్పలేదు. పదమూడు మందివీ పదమూడూ కుదిరాయి. ఎంతైనా నా దగ్గర పని నేర్చినవాడు కదా అని కుర్చీలో కూర్చుని మీసం లేకపోయినా మెలేసుకున్నాను.

ఆ పదమూడు మందిలో మా మనవరాలు ఒకతె. వాళ్లమ్మకి, అంటే నా కూతురికి, ఆసుపత్రిలో నర్సు డ్యూటీ. సెలవుల్లో పిల్ల నా దగ్గరే ఉంటుంది. సన్నగా, ఒకచోట కుదురు లేకుండా తిరుగుతుందని పిట్ట అంటాం. పదేళ్లది. దానికో జబ్బుంది, మందు లేని జబ్బు. పరీక్షలో జవాబు సరిగ్గా రాస్తుంది. రాసి, పక్కపిల్ల కాగితం చూసి, తనది కొట్టేసి ఆ పిల్లది రాస్తుంది. కొట్టేసినవన్నీ ఒప్పులే. "సరిగ్గా రాసి ఎందుకు కొట్టేశావే" అంటే, "నాకు సరిగ్గా కనబడదేమో అమ్మమ్మా" అంటుంది. కళ్ల డాక్టరుకి చూపించాం. కళ్లు నిక్షేపంలా ఉన్నాయి. నేను కసిరాను, బుజ్జగించాను, బడికి వెళ్లి వాళ్ల టీచరుతో గొడవపడి వచ్చాను. ఏం లాభం లేకపోయింది. తన కళ్లతో చూసింది తనే నమ్మని పిల్ల రేపు ఎలా బతుకుతుందా అని నాకు ఒకటే బెంగ.

సీసాల తాత ప్రతి పిల్లకీ ఒక నోటుపుస్తకం ఇచ్చి ఒక్క మాటే చెప్పాడు. "చూసింది రాయండి. అనుకున్నది వద్దు. చూసింది."

ఆ మాట పిట్టకి ఎక్కడ తగిలిందో గానీ, మూడు వారాలు గడిచినా దాని పుస్తకంలో ఒక్క కొట్టివేత లేదు. రోజూ సాయంత్రం అది ఆడుకోవడానికి వెళ్లాక దొంగలా ఆ పుస్తకం తీసి పేజీలు తిరగేసేదాన్ని. గుడ్డు బరువు, బెలూన్ చుట్టుకొలత, రంగులు ఎంత పైకి పాకాయో, అన్నీ గుండ్రటి అక్షరాల్లో, శుభ్రంగా ఉండేవి.

నాలుగో వారం గింజలు. సోమవారం నాడు పిల్లలందరూ తలా ఒక సీసాలో తడిదూది పరిచి పదేసి చిక్కుడు గింజలు వేశారు. పిట్ట మాత్రం నాలుగు సీసాలు అడిగి తీసుకుంది. "ఎందుకే అన్ని" అంటే నా చెవి దగ్గరకొచ్చి, "సముద్రం నీళ్లు పోస్తే మొక్కలొస్తాయా రావా అని. ఎవరికీ చెప్పకు అమ్మమ్మా" అంది. సముద్రం లేదు కాబట్టి ఉప్పు. మొదటి సీసాకి వట్టి నీళ్లు. రెండోదానికి గ్లాసు నీళ్లలో అరచెంచా ఉప్పు, మూడోదానికి ఒక చెంచా, నాలుగోదానికి రెండు. గుట్టుగా ఉంచాలని చీటీల మీద ఉప్పు అని రాయకుండా గీతలు గీసింది: మొదటిదానికి గీత లేదు, తర్వాత ఒకటి, రెండు, మూడు. నేను మాట ఇచ్చాను కాబట్టి సీసాల తాతతో కూడా అనలేదు. అనుంటే ఈ గొడవే ఉండేది కాదు.

శుక్రవారం లెక్కపెట్టింది. వట్టి నీళ్ల సీసాలో తొమ్మిది మొలకలు, అరచెంచా సీసాలో నాలుగు, మిగతా రెండింటిలో సున్నా. కింద తనే ఒక వాక్యం రాసింది: "ఉప్పు ఎక్కువైతే గింజ నిద్ర లేవదు." అది ఎవరూ చెప్పింది కాదు, పక్కపిల్ల కాగితంలోంచి వచ్చింది కాదు. ఆ సాయంత్రం ఆ వాక్యం చదివి వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను. సెలవుల తరగతి వచ్చే గురువారంతో ముగుస్తుంది. ఆ రోజు తల్లిదండ్రుల ముందు ప్రతి పిల్లా తను చూసిందొకటి చెప్పాలి. క్లాసులో చెయ్యెత్తడానికే భయపడే పిల్ల, "నేను గింజల గురించి చెబుతా" అంది.

సోమవారం గది తలుపు తీసేసరికి మూడో సీసాలో తొమ్మిది, నాలుగో సీసాలో ఎనిమిది మొలకలు. ఒక్కోటి బొటనవేలంత.

పిట్ట మూడుసార్లు లెక్కపెట్టింది. రెండు చెంచాల ఉప్పులో చిక్కుడు గింజ మొలకెత్తడమా? "ఉప్పులో మొలవవే" అన్నాను.

"మొలిచాయి కదమ్మమ్మా. చూసింది రాయమన్నాడు తాత" అంది. బడిపరీక్షలో వినిపించే గొంతే అది. "శుక్రవారం నేనే సరిగ్గా చూడలేదు. చిన్న మొలకలు ఉండుంటాయి, నాకు కనబడలేదు."

శుక్రవారం రాసినదాన్ని కొట్టేయలేదు. కాగితం ముక్క కత్తిరించి, బంక రాసి, ఆ వాక్యం మీద నీట్‌గా అంటించేసింది. దాని మీద "తప్పు లెక్కపెట్టాను" అని రాసుకుంది.

పిల్లలు వెళ్లాక సీసాల తాత బయట కుళాయి దగ్గర సామాను కడుగుతున్నాడు. పిట్ట సీసాల్లో దూది మార్చి చూద్దామని, కొత్త దూది కోసం పేపర్ల కట్టల వెనకున్న ఇనుప బీరువా తెరిచాను. కింది అరలో తడిగుడ్డ పరిచిన పళ్లెం, దాని మీద మొలకెత్తిన చిక్కుడు గింజలు వరసగా. మధ్యలో రెండు వరసలు ఖాళీ. పై అరలో పెంకు కరిగిన గుడ్లు మూడు. ఆ పైన రంగులు పాకేసిన కాగితాలు, తొడిగి ఉంచిన బెలూన్లు, చిల్లి పెట్టిన పెట్టెలు. అన్నిటికీ చీటీలు, తేదీలు.

ఆయన చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చాడు.

"ఏమిటిది" అన్నాను.

"రెండో సెట్టు టీచరుగారూ" అన్నాడు, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

"పిట్ట గింజలు మార్చావా?"

"మార్చానండీ. పాపం, రెండు సీసాల్లో ఒక్కటీ మొలవలేదు. శనివారం గది తుడవడానికొచ్చి చూశాను. గురువారం అందరి ముందూ బిక్కమొహం వేసుకుని నిలబడుతుందేమోనని." ఆగి, కొంచెం గర్వంగా, "పదికి పది మొలిస్తే ఎవరూ నమ్మరండీ. అందుకే ఒకదాంట్లో తొమ్మిది, ఒకదాంట్లో ఎనిమిది పెట్టి, మిగతావి మొలవనివి వేశాను" అన్నాడు.

ఉప్పు సంగతి చెప్పాను. గీతల సంగతి, అంటించిన కాగితం సంగతి చెప్పాను. ఆయన పేపర్ల కట్ట మీద కూలబడ్డాడు.

"ఎప్పట్నుంచయ్యా ఈ పని?"

"మొదట్నుంచీ అంతే కదండీ."

"ఈ సెలవుల మొదట్నుంచా?"

"అబ్బే, మీ క్లాసుల కాడ్నుంచీ." అమాయకంగా నా మొహంలోకి చూశాడు. "ఆరీ ఆరని పుల్ల ఆక్సిజన్ జాడీలో పెడితే భగ్గుమని అంటుకునేది చూడండి, అది. మీరు పట్టిన జాడీ సగంసార్లు పనిచేసేది కాదండీ, మూత వదులు. నేను పొద్దున్నే ఇంకోటి పట్టి బల్ల కింద పెట్టేవాణ్ని. మీరు బోర్డు మీద రాయడానికి అటు తిరగ్గానే మార్చేసేవాణ్ని."

నా చేతిలో ప్రయోగం తప్పదని స్టాఫ్ రూములో ఇరవై ఆరేళ్లు కోసిన కోతలన్నీ గుర్తొచ్చాయి. నా వీడ్కోలు సభలో హెడ్మాస్టరు కూడా ఆ మాటే అన్నాడు. అప్పుడు ఈ మనిషి వెనక నిలబడి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. మామూలుగా అయితే ఆ గది కప్పు లేచిపోయేలా అరిచేదాన్ని. ఈసారి బీరువా తలుపు మూసి కుర్చీలో కూర్చున్నాను.

"ఎందుకు?" అన్నాను.

చేతిలో గుడ్డని మడతపెడుతూ చెప్పాడు. ఏడో తరగతిలో సైన్సు మాస్టారు ఆయన్ని ముందుకి పిలిచి, బ్యాటరీకి వైర్లు కలిపి బల్బు వెలిగించమన్నాడు. కలిపాడు. వెలగలేదు. మాస్టారు నవ్వాడు, క్లాసంతా నవ్వింది. "నీ చేతికి చదువు అంటదురా" అన్నాడు మాస్టారు. మర్నాటి నుంచి ఆయన బడికి వెళ్లలేదు.

"ల్యాబులో చేరిన మొదటి వారంలోనే తెలిసింది టీచరుగారూ. వైర్లు నేను సరిగ్గానే కలిపాను. బల్బే మాడిపోయుంటుంది. మాస్టారు ఇంకో బల్బు దగ్గర పెట్టుకునుంటే..." గుడ్డని ఇంకో మడత పెట్టాడు. "అందుకే దేనికైనా ఇంకోటి పక్కన పెట్టుకుంటాను. పిల్లలు నవ్వులపాలు కాకూడదని."

ఆ మాటకి మనసు కరిగింది. అయినా పిట్ట అంటించుకున్న కాగితం కళ్ల ముందు నుంచి పోలేదు.

"దాని బల్బు మాడిపోలేదయ్యా. వెలుగుతూనే ఉంది. నువ్వే ఊడదీశావు. గురువారం లోపు దానికి చెబుతావా, చెప్పవా?"

"చెబితే పిల్లలు నన్నింక నమ్ముతారా? ఇన్నాళ్లూ చూసిందంతా గారడీ అనుకోరూ?"

"అనుకోనీ."

ఆయన గుడ్డ దులిపి సీసాలు సర్దుకోవడానికి వెళ్లిపోయాడు. మంగళవారం చెప్పలేదు, బుధవారం చెప్పలేదు. పిట్ట ఎదురుపడితే ఒరిగి పక్కకి తప్పుకున్నాడు. నేనే చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. నేను చెబితే అమ్మమ్మ ఓదారుస్తోంది అనుకుంటుంది, ఉప్పులో మొలవవు అన్నప్పుడు నమ్మిందా ఏమన్నా? మార్చిన చెయ్యే చెప్పాలి.

గురువారం గది కిక్కిరిసింది. తల్లిదండ్రులకి కుర్చీలు చాలక పేపర్ల కట్టల మీదే కూర్చున్నారు. నా కూతురు డ్యూటీ మార్చుకుని ఆసుపత్రి బట్టల్లోనే వచ్చింది. పిల్లలు ఒక్కొక్కరే లేచి గుడ్డు గురించీ బెలూన్ గురించీ చెప్పారు. పిట్ట వంతు వచ్చింది. పుస్తకం తెరిచి వరస కింద వేలు పెట్టుకుంది.

"నేను ఉప్పు నీళ్లలో గింజలు వేశాను. మొలవలేదని రాశాను. అది తప్పు. నాకు సరిగ్గా..."

"ఆగు తల్లీ."

సీసాల తాత గోడవార నుంచి ఒరుగుతూ ముందుకొచ్చాడు. ఇన్నేళ్లలో ఆయన గొంతు అంత పైకి లేవడం నేను వినలేదు.

"పిల్ల తప్పు లెక్కపెట్టలేదండీ" అన్నాడు పెద్దవాళ్ల వైపు చూసి. తర్వాత ఇది పెద్దవాళ్లకి చెప్పాల్సింది కాదని తోచినట్టు, పిట్ట ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "నీ గింజలు మొలవలేదమ్మా. శుక్రవారం నువ్వు చూసింది నిజం. శనివారం నేను వాటిని తీసేసి, మొలిచినవి వేరేవి పెట్టాను. ఉప్పు వేశావని నాకు తెలీదు. తెలిసినా తెలీకపోయినా ముట్టుకోకూడదు. తప్పు నాదే."

ఎవరో దగ్గారు. నా కూతురు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పిట్ట ఏడుస్తుందనుకున్నాను. అది కనుబొమలు ముడిచి, "ఎన్ని మార్చావు తాతా?" అంది.

"ఇరవై."

"నావి ఏవి?"

ఆయన జేబులోంచి రెండు చిన్న టానిక్ సీసాలు తీశాడు. ఒకదాని మీద రెండు గీతలు, ఒకదాని మీద మూడు, కింద శనివారం తేదీ. ఆ మనిషి జన్మలో ఏదీ పారేసి ఎరగడు. పిట్ట అందరినీ మర్చిపోయి నేల మీద చతికిలబడి, గింజలు కాగితం మీద పోసి లెక్కపెట్టింది. పది, పది. ఒక్కదానికీ మొలక లేదు.

"మరి నా గుడ్డు?" అన్నాడు వెనక నుంచి ఒక కుర్రాడు.

"నీది నీదే. పగిలిపోతే ఇద్దామని ఇంకోటి పెట్టాను, అవసరం రాలేదు."

"నా బెలూను?"

"నీది మార్చాను బాబూ."

పదమూడు మందీ అడిగారు. పదమూడు మందికీ నిజమే చెప్పాడు. పిట్టది కాక ఇంకో ఐదుగురివి మార్చాడట. ఒక పిల్ల మూతి ముడుచుకుని వాళ్ల నాన్న వెనక్కి వెళ్లిపోయింది. ఆయన తల వంచుకుని అక్కడే నిలబడ్డాడు.

"తాతా, ఇవి చచ్చిపోయాయా? ఉప్పు కడిగేసి మంచినీళ్లు పోస్తే లేస్తాయా?" అంది పిట్ట.

"ఏమో" అన్నాడు. నిజంగా తెలియక ఆయన ఆ మాట అనడం అదే మొదటిసారి. "చూద్దాం."

లైబ్రేరియన్ ఇంకో వారం తాళంచెవి ఉంచుకోమన్నాడు. మర్నాడు పొద్దున్నే ఆయన మా గేటు దగ్గర నిలబడి గొంతు తగ్గించి, "టీచరుగారూ, ఊరికే, ఓ పది గింజలు విడిగా నానబెట్టనా" అన్నాడు. "చెయ్యి విరిగిపోగలదు" అన్నాను. తలూపి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు. ఆయన మార్చిన ఆ ఐదుగురిలో ముగ్గురు మళ్లీ వచ్చి తమ ప్రయోగం మొదట్నుంచీ చేస్తామన్నారు. ఇద్దరు రాలేదు. ఆయన ఆ ఇద్దరిళ్లకీ వెళ్లి వచ్చాడని తర్వాత తెలిసింది.

ఆ వారమంతా పిల్లలు సీసాల చుట్టూ మూగేవారు. ఆయన మాత్రం దగ్గరికి రాలేక, కడిగిన సీసాలనే కిటికీ దగ్గర మళ్లీ కడుగుతూ, "ఏమైనా కనబడిందా" అని అక్కడినుంచే అడిగేవాడు. ఐదు రోజులు ఏమీ కనబడలేదు. ఆరో రోజు పిట్ట లెక్కపెట్టింది. ఒక్కసారే. ఒక చెంచా ఉప్పు తాగిన గింజల్లో మూడు మొలకెత్తాయి. రెండు చెంచాలవాటిలో ఒక్కటీ లేవలేదు, అవి మెత్తబడి కుళ్లిపోయాయి కూడా.

అది రాసుకుంది. తర్వాత వెనక పేజీకి వెళ్లి, అంటించిన కాగితం అంచుని గోటితో లేపి నెమ్మదిగా పీకింది. బంకతో పాటు రెండు అక్షరాలు ఊడొచ్చాయి. వాటిని మళ్లీ దిద్దింది. దిద్ది, పుస్తకం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది.

"సంతకం పెట్టు తాతా. శుక్రవారం నేను చూసింది నిజమని, ఇవాళ్టిది నువ్వూ చూశావని."

మా ల్యాబులో పిల్లల రికార్డుల మీద టీచర్లే సంతకం పెడతాం. ముప్పై ఒక్క ఏళ్లలో వేల రికార్డులు మోసి, సర్ది, కట్టలు కట్టిన మనిషి ఒక్కదాని మీదా పెన్ను పెట్టలేదు. చేతులు ఒకసారి తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. నా వైపు చూశాడు.

"చూసింది మీరే కదా, పెట్టండి" అన్నాను.

పుస్తకాన్ని కిటికీ గట్టు మీద పెట్టుకుని, పేరంతా పూర్తిగా, ఒక్కో అక్షరం విడివిడిగా రాశాడు. అలవాటు కొద్దీ కింద తేదీ కూడా వేశాడు.